మినహాయింపుకు నాలుగో కారణం

ముంపు తర్వాత పద్దెనిమిదో ఏడు, శ్రావణం 2

నీళ్ళ బండి కొండ ఎక్కడం ఆలస్యమైంది. క్యాను నింపుకుని ఆఫీసుకు వచ్చేసరికి పదిన్నర. అప్పటికే నా బల్ల ముందు వరస వరండా దాటి మెట్ల దాకా ఉంది. సెమిస్టరు మొదలైన రెండో రోజు ఎప్పుడూ ఇంతే.

తప్పనిసరి కోర్సుల నుంచి మినహాయింపు కావాలంటే పీజీ విద్యార్థులు నా దగ్గరికే రావాలి. మినహాయింపుల గుమాస్తా గుడిమెళ్ళ పరాంకుశం అంటే వాళ్ళకు కొంచెం భయం, కొంచెం నవ్వు. కారణాలు మూడే. అదే కోర్సు ఇంతకు ముందు ఇంకెక్కడైనా చదివి ఉండాలి. లేదా పరీక్ష రాసి ఆ విషయం తమకు వచ్చని చూపించాలి. లేదా డాక్టరు కాగితం తేవాలి. నాలుగోది ఏమైనా ఉందా అని ప్రతి ఏడూ అడుగుతారు. లేదని చెప్పడమే నా ఉద్యోగంలో సగం.

ఈ రోజు ఒకతను గణాంకశాస్త్రం సిలబస్ తెచ్చాడు. సగం ఎలుకలు కొట్టేశాయి. మిగిలిన సగంతోనే సరిపెట్టాను. ఒకమ్మాయి తన కథ ఒకటి పత్రికలో వచ్చింది కాబట్టి వ్యాసరచన కోర్సు అక్కర్లేదంది. పరీక్ష రాయమన్నాను.

పన్నెండింటికి ఓలేటి మంగతాయి వచ్చింది. కట్టల నిర్మాణం శాఖ, రెండో ఏడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. సన్నగా, నిటారుగా నిలబడే మనిషి. దరఖాస్తులో కోర్సు పేరు దగ్గర 'సాక్షి పాఠం' అని ఉంది.

పదమూడేళ్ళుగా సాక్షి పాఠం నుంచి ఒక్కరికీ మినహాయింపు రాలేదు. సముద్రపు కట్ట తెగి తీరమంతా మునిగాక, ఇక మీదట కట్టలు కట్టేవాళ్ళు, ఊళ్ళు గీసేవాళ్ళు, లెక్కలు వేసేవాళ్ళు ఎవరైనా ముందు ఆ రోజును ఒకసారి అనుభవించి తీరాలని బతికి బయటపడ్డవాళ్ళు పట్టుబట్టి తెచ్చుకున్న చట్టం అది. కుర్చీలో కూర్చోబెట్టి తలకు తీగల పాగా చుడతారు. ఆ రోజు ఒకావిడ గడిపిన పదకొండు గంటలను ఆవిడ కళ్ళతో చూడాలి, ఆవిడ చేతులతో పట్టుకోవాలి. ఆవిడ ఎవరో చెప్పరు. రికార్డులో పేర్లన్నీ కోసేశారు. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు ఏమీ చెప్పకూడదు.

కారణం అన్న చోట మంగతాయి ఇలా రాసింది: 'ఆ పాఠంలో ఉన్నావిడ మా అమ్మ అనుకుంటున్నాను.'

"నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"నా రూమ్మేటు వేసవిలో ఆ పాఠం అయ్యి వచ్చిందండి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. రూలు కదాండి, ఏమీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున నన్ను లేపుతూ 'ఉప్పుపరిగా, లేవే' అంది. అనేసి తనే బిత్తరపోయింది."

ఉప్పుపరిగ అంటే ఉప్పు రాసి ఎండబెట్టిన చిన్న చేప. రికార్డు కోసినవాళ్ళు అది చేప పేరనుకుని వదిలేసి ఉంటారు.

"అప్పుడు నాకు ఆరేళ్ళండి. అమ్మ మొహం కూడా గుర్తులేదు. ఆ పిలుపొక్కటే గుర్తుంది. నేను కొబ్బరి మాను పట్టుకుని దొరికానట. అమ్మ నీళ్ళలో పోయిందని శిబిరంలో చెప్పారు." దరఖాస్తును నా వైపు జరిపింది. "అమ్మ చచ్చిపోవడం నేను అమ్మలో కూర్చుని చూడలేనండి. నా వల్ల కాదు."

సంతకం పెట్టడానికి చెయ్యి చాచినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చ. ముడతలు పడి, గరుకుగా.

నా బొటనవేలు జివ్వుమంది.

ఆ పదకొండు గంటల్లో ఆవిడ చనిపోదు. ఆ సంగతి నేను చెప్పలేదు. రూలు ఒప్పుకోదు. ఒప్పుకున్నా చెప్పేవాణ్ణి కాదు.

శ్రావణం 3

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అందుకే రాస్తున్నాను.

ఈ బల్ల దగ్గర కూర్చునేవాడికి కూడా పాఠం తప్పదు కాబట్టి ముంపు తర్వాత ఏడో ఏట నాకూ పాగా చుట్టారు. పదకొండేళ్ళయింది. అందులో ఎక్కువ భాగం మామూలు పొద్దుటిపూటే. పొయ్యి, చద్దన్నం, పిల్లకు జడ. నీళ్ళు ఆరో గంటలో వస్తాయి. తొమ్మిదో గంటలో ఆవిడ ఎడమ చేతిలో చంటిపిల్ల, కుడి చేతిలో పెద్దపిల్ల మణికట్టు. ముగ్గురూ కొట్టుకుపోతున్నారు. ఒక ఇనుప స్తంభం దగ్గరికి వస్తుంది. అది పట్టుకోవాలంటే ఒక చెయ్యి ఖాళీ కావాలి. ఆవిడ ఇద్దరినీ చూస్తుంది. కుడి చేతి వేళ్ళు తెరుస్తుంది.

పాఠం అయ్యాక విద్యార్థులు ఒక పేజీ రాయాలి. దాదాపు అందరూ 'చెయ్యి జారిపోయింది' అనే రాస్తారు. జారలేదని అందరికీ తెలుసు. ఆ బరువు వేళ్ళకు తెలుసు.

ఆఖరున బొటనవేలి కింద తగిలింది ఆ గరుకు చర్మమే. పెళ్ళీ పిల్లలూ లేనివాణ్ణి. అయినా ఈ పదకొండేళ్ళుగా సంతలో మా అన్నయ్య మనవరాలి చెయ్యి పట్టుకుంటే, అది 'నొప్పి తాతా' అనేదాకా ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియదు.

ఆ పిల్ల బతికే ఉంది. నిన్న నా బల్ల ముందు నిలబడింది.

శ్రావణం 9

కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు ఆచార్య జుబేదా. చట్టం రాసినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఆవిడ భర్త కట్ట మీద కాపలా ఉద్యోగి. మనిషి దొరకలేదు.

మొదటి కారణం కింద ప్రయత్నించాను. అదే కోర్సు ఇంతకు ముందే చదివి ఉంటే మినహాయింపు ఇస్తాం కదా, ఈ పిల్ల ఆ రోజు ఆ నీళ్ళలోనే ఉందన్నాను. దానికో పోలిక పట్టిక నింపాలి. మంగతాయి నింపి ఇచ్చింది. చదివిన సంస్థ అన్న చోట 'సముద్రం'. బోధించినవారి పేరు అన్న చోట గీత. ఎన్ని గంటలు అన్న చోట 'తెలియదు'.

జుబేదాగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు.

"పరాంకుశంగారూ, వెటకారమా ఇది?"

"కాదండి. ఆ గళ్ళలో ఇంకేం రాయాలో ఆ పిల్లకు తోచలేదు."

"ముంపులో ఉన్నవాళ్ళు చాలామంది ఇక్కడ చదువుతున్నారు. వాళ్ళందరూ పాఠం తీసుకున్నారు. కట్ట కట్టించినవాళ్ళ పిల్లలు కాళ్ళావేళ్ళా పడి అడిగారు. ఇవ్వలేదు. ఒకరికి ఇస్తే ఇంకొకరికి కాదని ఎలా అంటాం?"

"వాళ్ళెవరూ తమ తల్లి లోపల కూర్చోలేదు కదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందు తల్లని రుజువు చెయ్యండి. సాక్షుల రక్తం నమూనాలు భద్రంగా ఉన్నాయి. కలిస్తే అప్పుడు మాట్లాడదాం."

శ్రావణం 16

మంగతాయి రక్తం ఇచ్చింది. దూది అదుముకుంటూ నా గదికి వచ్చి కూర్చుంది. బయట మంచు దిగి కిటికీ తెల్లబడింది.

"ఒకటి అడగనాండి?"

"అడుగు."

"ఈ రికార్డు బతికున్న మనిషి దగ్గరే తీస్తారా? పోయాక కూడా తియ్యొచ్చా?"

స్టాంపు ప్యాడు కోసం వెతుకుతున్నట్టు సొరుగు లాగాను. అడుగుతుందని తెలుసు. కట్టలు కట్టడం నేర్చుకుంటున్న పిల్ల, ఈ మాత్రం లెక్క కట్టలేదా?

"బతికుండగానే తియ్యాలి."

"అంటే అమ్మ నీళ్ళలో పోలేదు."

"ఆవిడే మీ అమ్మ అయితే."

"తర్వాత ఎన్నాళ్ళు బతికిందండి?"

"నాకు తెలీదమ్మా. ఫైలుకు సీలుంది. రక్తం కలిస్తేనే విప్పుతారు." అది నిజమే.

దూది తీసి చూసుకుంది. రక్తం ఆగింది. మళ్ళీ అదిమింది.

"గుట్టకింద శిబిరంలో పన్నెండేళ్ళు పెరిగానండి. తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు. మొదటి ఏడాదంతా రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. మా అమ్మ చచ్చిపోయింది కాబట్టి రాలేదని అనుకునేదాన్ని. అలా అనుకుంటే ఏడుపు వచ్చేది కానీ, బానే ఉండేది." లేచింది. "ఇప్పుడు బతికుండీ రాలేదని అనుకోవాలి."

"అలా తొందరపడకు."

"మీరు ఆ పాఠం చూశారు కదండీ?"

తలూపాను.

"మా అమ్మ మంచిదేనా?"

చెప్పకూడదని రూలు. "మంచిది" అన్నాను. పదకొండేళ్ళలో ఆ రూలు తప్పడం ఇదే మొదలు.

భాద్రపదం 4

రక్తం కలిసింది. తల్లీ కూతుళ్ళే.

మధ్యాహ్నం భాండాగారం నుంచి ఫైలు వచ్చింది. నిబంధన ఏమిటంటే, బంధుత్వం రుజువైతే ఫైలు నకలు బంధువుకు ఇవ్వాలి. మినహాయింపు కోసం నేను సంపాదించిన రుజువే ఆ కాగితాలను ఆ పిల్ల చేతిలో పెడుతుంది. ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

విప్పి చదివాను.

ఓలేటి వీరవేణి, ఇరవై ఏడేళ్ళు, చేపలు ఎండబెట్టి అమ్మే పని. ముంపు తర్వాత రాయికొండ శిబిరం. రెండో కూతురు కనకం, ఎనిమిది నెలలు, తొమ్మిదో రోజున విరేచనాలతో మరణం. పన్నెండో రోజున సాక్ష్యం రికార్డు చేశారు. నలభై ఒకటో రోజున జ్వరంతో వీరవేణి మరణం. రాయికొండకూ గుట్టకిందకూ మధ్య ఇరవై మైళ్ళు. ఈ శిబిరంలో ఉన్న పిల్లల జాబితాలు ఆ శిబిరానికి చేరింది మూడో నెలలో.

తర్వాత గంటల వారీ పట్టిక. 'తొమ్మిదో గంట: పెద్ద బిడ్డ చెయ్యి వదులుట.' జారుట అని కూడా రాయలేదు. రాసినవాడెవడో నిజాయతీపరుడు.

ఆఖరి కాగితం అంగీకార పత్రం. కింద వేలిముద్ర. రికార్డు చేసినాయన తన చేత్తో రాసిన నాలుగు వాక్యాలు చదివాక నేను ఆఫీసు తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

భాద్రపదం 7

మూడు రోజులుగా ఫైలు నా సంచీలోనే ఉంది. మంగతాయి రోజూ వరండాలో కనిపిస్తోంది. "ఇంకా రాలేదాండి?" అంటుంది. "చూస్తున్నానమ్మా" అంటున్నాను. పట్టిక ఉన్న పేజీ తీసేసి మిగతావి ఇద్దామనుకున్నాను. ఇనప పిన్ను ఊడదీశాను కూడా. మళ్ళీ గుచ్చేశాను. ఆ పిల్లకు సంబంధించి ఇప్పటికే చాలామంది చాలా దాచారు.

భాద్రపదం 8

నర్సరీ వెనక ఉప్పునీటి వరి మళ్ళ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. పట్టపగలు. దూరంగా ఎవరో నారు పీకుతున్నారు. ఫైలు ఆమె ఒళ్ళో ఉంది. విప్పకముందే నా నోటితో చెప్పాలనుకున్నాను.

నీళ్ళు ఎలా వచ్చాయో చెప్పాను. ఇల్లు ఎలా లేచిపోయిందో చెప్పాను. "ఎడం చేతిలో చంటిది. కుడి చేతిలో నువ్వు. స్తంభం వచ్చింది. ఒక చెయ్యి కావాలి. నీ చెయ్యి జారలేదమ్మా. నేను చూశాను, ఇద్దరినీ చూశాను. నువ్వు నా వైపే చూస్తున్నావు. నేను వేళ్ళు..."

ఆగిపోయాను.

"ఆవిడ" అన్నాను. "ఆవిడ వదిలింది."

ఆమె నన్ను చూడలేదు. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. "నాకు చెల్లెలుండేదాండి?" అంది.

"కనకం. ఎనిమిది నెలలు."

"గుర్తే లేదు." గట్టు మీద మట్టిపెళ్ళ తీసి నలిపింది. "నేను నడిచేదాన్ని కదండీ. అది నడవలేదు. ఇద్దరిలో ఎవర్ని ఉంచుకోవాలంటే దాన్నే ఉంచుకోవాలి. నేనైనా అదే చేద్దును."

ఆరేళ్ళ పిల్ల మాట్లాడినట్టే ఉంది. "కనకం కూడా తొమ్మిదో రోజున పోయింది" అని మాత్రం చెప్పాను. అప్పుడు ఏడ్చింది. తనకోసం ఏడవలేదు. గుర్తులేని చెల్లెలి కోసం ఏడ్చింది.

కొంచెం తేరుకున్నాక ఆఖరి కాగితం తీసి ఇచ్చాను. గట్టిగా చదివింది. ఇక్కడ యథాతథంగా రాసి ఉంచుతున్నాను:

'పేర్లు తీసేస్తామని చెప్పాము, ఒప్పుకున్నది. పిల్ల మొహం మాత్రం తియ్యవద్దన్నది. ఎందుకని అడిగితే, ఇది చాలామంది చూస్తారన్నారు కదండీ, ఎవరో ఒకరు నా పిల్లని ఎక్కడో చూసే ఉంటారు, చూస్తే గుర్తుపడతారు, గుర్తుపడితే నాకు చెప్పండి అన్నది. చెబుతామన్నాము.'

"మా అమ్మ నన్ను వెతకడానికి ఇచ్చిందాండి ఇది?"

"అవునమ్మా."

"పాఠం కోసం కాదు."

"పాఠం అప్పటికి లేదు. అయిదేళ్ళ తర్వాత వచ్చింది. ఆ ఇరవై తొమ్మిది రోజులూ ఆ రికార్డు ఏదో పెట్టెలో ఉండిపోయింది."

"పాఠం మొదలయ్యాక ఎంతమంది చూసుంటారు?"

"ఏడు వేల పైచిలుకు."

"నేను ఇక్కడే ఏడాదిగా తిరుగుతున్నానండి. ఇదే కొండ మీద. ఒక్కళ్ళూ..." అని, నా మొహం చూసి ఆగింది. "మీరు గుర్తుపట్టారు కదా. మొదటి రోజే."

అబద్ధం చెప్పలేకపోయాను. "పట్టాను."

"నెల రోజులు ఊరుకున్నారు."

కాగితాలు సర్దుకుని గట్టు వెంట వెళ్ళిపోయింది. వెనక్కి పిలవలేదు. పిలవబోతే వాళ్ళమ్మ పిలిచే పేరే నోటికి వచ్చింది. అది పిలిచే హక్కు నాకు లేదు.

భాద్రపదం 13

అయిదు రోజుల తర్వాత ఈ రోజు వచ్చింది. ఆఫీసులో నా ఎదురుగా కూర్చుంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"పదకొండు గంటలూ గుర్తున్నాయాండి మీకు?"

"ఉన్నాయి."

"తొమ్మిదో గంట వద్దు. పొద్దున సంగతి చెప్పండి."

తలుపు మూసి వచ్చి చెప్పాను. సరుగుడు పుల్లలు తడిసి పొయ్యి రాజుకోలేదు. మీ అమ్మకు పక్కింటావిడ మీద కోపం, అరువు తీసుకున్న గంప తిరిగి ఇవ్వలేదని. నీకు చద్దన్నం పెడితే సగం కాకులకు వేశావు. వీపు మీద ఒకటి వేసింది. నువ్వు ఏడవలేదు, మూతి ముడుచుకుని కూర్చున్నావు. జడ వేస్తుంటే తల కదిపావు. "కదలకే" అని దువ్వెనతో ఒకటి మొట్టింది. అప్పుడు ఆవిడ మనసులో ఏమనుకుందంటే, దీని జుట్టు అచ్చం నాదే, పెళ్ళినాటికి మోకాళ్ళ దాకా వస్తుంది అనుకుంది. రవిక హుక్కు ఊడింది, సాయంత్రం కుట్టుకోవాలనుకుంది. చంటిది పాలు తాగుతూ నిద్రపోయింది. నువ్వు పీతలు చూడ్డానికి వెళ్తానంటే వద్దంది. కాసేపాగి, "ఊరికే రేవు దాకా వెళ్ళి వచ్చెయ్" అంది. నువ్వు పరిగెత్తావు. ఆవిడ గుమ్మంలో నిలబడి నువ్వు మలుపు తిరిగేదాకా చూసింది.

మంగతాయి నవ్వింది. నవ్వుతూనే చేత్తో మొహం తుడుచుకుంది. తన జుట్టు భుజాల దాకే ఉంది. దాన్ని ఒకసారి తడుముకుంది.

"మొహం ఎలా ఉండేదండి?"

ఆ ఇంట్లో అద్దం లేదు. ఆ పదకొండు గంటల్లో ఆవిడ తన మొహం చూసుకోలేదు. ఏడు వేల మందిలో ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. అన్నిటికన్నా అది చెప్పడమే కష్టమైంది.

లేస్తూ ఒక మాట అడిగింది. "పాఠం అయిపోయాక ఆ పిల్ల బతికిందని వాళ్ళకు చెప్పొచ్చు కదండీ. అంతకన్నా నాకేం వద్దు."

భాద్రపదం 19

కమిటీ మినహాయింపు ఇచ్చింది. ఉత్తర్వు జుబేదాగారు తన చేత్తో రాశారు: 'కారణం నాలుగు: సాక్షి విద్యార్థిని కన్నతల్లి అయినందున.' పదమూడేళ్ళలో ఇదే మొదటిది. ఇలాంటిది ఇంకోటి రాకూడదని కోరుకున్నాను.

మంగతాయి మాటగా రెండో కోరిక నేనే చదివాను. రికార్డు ముగిశాక ఒక్క వాక్యం చేర్చాలి: ఆ పిల్ల బతికే ఉంది.

మిగతా ఇద్దరు సభ్యులు జుబేదాగారి వైపు చూశారు.

"వీలు కాదండి" అన్నారు ఆవిడ. "వద్దని మనసుకు లేదు. కానీ వీలు కాదు. తొమ్మిదో గంట తర్వాత ఆవిడ రెండు గంటలు ఆ స్తంభం పట్టుకుని ఉంది. ఏమైందో తెలియకుండా. ఆ తెలియకపోవడమే పాఠం. కట్ట మందం ఒక జానెడు తగ్గిద్దామని ఎవడైనా అనుకున్నప్పుడు వాడి చెయ్యి ఆపేది అదే. చివర్లో బతికిందని చెబితే, అమ్మయ్య అనుకుని లేచి వెళ్ళిపోతారు."

"చెబుతామని ఆవిడకు మాట ఇచ్చాం."

"ఆవిడకు చెప్పలేకపోయాం. ఆవిడకే తెలియనిది వీళ్ళకెందుకు తెలియాలి, పరాంకుశంగారూ?" ఆవిడ కలం పక్కన పెట్టారు. "మా ఆయన సంగతి నాకు ఎవరు చెప్పారు?"

ఆవిడ చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను.

ఉత్తర్వు తీసుకెళ్ళి మంగతాయికి ఇచ్చాను. రెండోది కాదన్నారని చెప్పాను. ఉత్తర్వును రెండు మడతలు పెట్టి పుస్తకంలో పెట్టుకుంది.

"మీరు చెబుతారా?" అంది. "నేను అక్కడ నిలబడలేనండి. ఏడుపొస్తుంది. మీరు చెప్పండి."

"రూలు ఒప్పుకోదమ్మా."

"తెలుసండి" అంది. వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

ఆశ్వయుజం 6

ఈ రోజు సాక్షి పాఠం. పొద్దున అయిదింటికి పన్నెండు మంది కుర్చీల్లో కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటికి తలుపు తెరుస్తారు. మూడున్నరకే నేను బల్ల మీద కాగితాలు దొంతర పెట్టి, తాళంచెవి పక్క గది గుమాస్తాకు ఇచ్చాను. ఎక్కడికని అతను అడగలేదు. మెట్లెక్కి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డాను.

బయటికి వచ్చేవాళ్ళ నడక వేరుగా ఉంటుంది. నేల మీద అడుగు గట్టిగా ఆనించి చూసుకుంటారు. మొదట వచ్చినమ్మాయి రెండు చేతులూ గుండెలకు హత్తుకుని ఉంది. తర్వాత వచ్చిన భారీ మనిషి, నలభై ఏళ్ళ పైన ఉంటాయి, ఉద్యోగం మధ్యలో చదువుకు వచ్చినట్టున్నాడు, గోడ పట్టుకుని కింద కూలబడ్డాడు. కుడి చేతి వేళ్ళు మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకుంటున్నాడు.

పన్నెండు మందీ వచ్చేదాకా ఆగాను.

"ఆ పిల్ల బతికే ఉంది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. "పెద్దపిల్ల. కొబ్బరి మాను పట్టుకుని దొరికింది. పెరిగి పెద్దదైంది. చదువుకుంటోంది. వాళ్ళమ్మకు ఈ సంగతి తెలియకుండానే పోయింది. మీకైనా తెలియాలని చెబుతున్నాను."

వరండా చివర జుబేదాగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. నా వైపు ఒకసారి చూశారు. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆవిడ నా పేర ఏం రాస్తారో రేపు తెలుస్తుంది.

కింద కూలబడ్డాయన తలెత్తాడు. "ఎక్కడుందండీ?" అన్నాడు. అది అతని గొంతు కాదు. ఆ గొంతు నాకు తెలుసు.

కిటికీ చూపించాను. కింద నీళ్ళ బండి దగ్గర సాయంత్రం వరస ఉంది. నీలం చొక్కా, భుజాల దాకా జుట్టు, ముందు నుంచి ఏడో మనిషి. అతను గోడ పట్టుకుని లేచాడు. గుండెలకు చేతులు హత్తుకున్నమ్మాయి వచ్చింది. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. మంచు కాస్త విడిచి ఎండ పడుతోంది.

మంగతాయి వంతు వచ్చింది. క్యాను నింపుకుంది. మూత బిగించింది. బరువుగా ఉన్నట్టుంది, నాలుగడుగులు వేసి ఆగి, క్యానును రెండో చేతికి మార్చుకుని నడిచింది.

పైకి చూడలేదు. మెస్సు మలుపు తిరిగేదాకా పదముగ్గురమూ చూస్తూ నిలబడ్డాం.